ఈలకు రాని పావురాలు

"డేగ కొట్టింది" అన్నాడు చాంపియన్, ఇంకా చెప్పులు కూడా విప్పని భార్య మొహంలోకి చూడకుండా.

"దేన్ని?" అంది ఆమె.

"అన్నిట్నీ."

అన్నిట్నీ అంటే పదకొండు. ఈ ఏడాది పొదిగిన మొదటి విడత పిల్లలు. పందెం పావురాల పిల్లలు. గూట్లోంచి బయటి ఆకాశం చూసి ఇంకా నిండా రెండు నెలలు కాలేదు. ఆమె చేతిసంచి గుమ్మంలోనే వదిలేసి, రెండేసి మెట్లెక్కి డాబా మీదికి వెళ్ళింది. పెద్ద పావురాలు ఎప్పటిలా గుర్రుగుర్రుమంటున్నాయి. పిల్లల అర మాత్రం ఖాళీగా ఉంది. నీళ్ళ మూకుడు పొద్దున ఆమె నింపి వెళ్ళినట్టే నిండుగా ఉంది.

దిగి వచ్చేసరికి ఆమె గొంతు మారిపోయింది.

"డేగ కడుపేమన్నా గోనెసంచా అండీ? డేగ వస్తుంది, ఒకదాన్ని కొడుతుంది, తన్నుకుపోయి ఏ గోడ మీదో కూర్చుని తింటుంది. పదకొండిట్నీ కొట్టిన డేగ మళ్ళీ ఎగరగలిగిందా, ఆటో కట్టించుకుని వెళ్ళిందా?"

"మిగతావి బెదిరిపోయాయి" అన్నాడు చాంపియన్. ఆయన చేతిలో వైండింగ్ చేయాల్సిన మోటారు ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు తప్ప ఒక్క చుట్టు చుట్టడం లేదు. "అయినా పిల్లలన్నాక పోతాయి. ఎవరి పిల్లలు పోవడం లేదు?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. పోవడం వేరు, పోగొట్టడం వేరు. ఈ మనిషి ఏదో దాస్తున్నాడని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఏం దాస్తున్నాడో తెలియలేదు, అంతే.

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. ఆసుపత్రి లాండ్రీలో పని. పొద్దున్నే వెళ్ళి, రోగుల దుప్పట్లు, ఆపరేషను గదుల ఆకుపచ్చ గుడ్డలు మూటలు విప్పి, మరకలను బట్టి వేరు చేసి, మిషన్లలో వేసి, వేడి రోలర్ల మధ్య నుంచి వచ్చినవాటిని ఇంకో మనిషితో కలిసి మడతపెట్టి, మధ్యాహ్నం దాటాక ఇంటికొస్తుంది. చేతులెప్పుడూ సోడా వాసన వేస్తుంటాయి. భర్తది మోటార్లకు రాగితీగ చుట్టే దుకాణం, ఇంటి కిందే. ఎప్పుడో ఒకసారి ఆయన పావురం దూరపు పందెంలో అందరికన్నా ముందు వచ్చింది. పావురాల క్లబ్బువాళ్ళు కప్పు ఇచ్చారు. అప్పటి నుంచి ఆయన చాంపియన్. ఆ కప్పు టీవీ పక్కన ఉంటుంది. దాని మీద దుమ్ము తుడిచేది వదిన. ఆ తర్వాత గెలిచిన పందెమంటూ ఒక్కటీ లేకపోయినా పేరుకేం తరుగు రాలేదు.

పెళ్ళయిన కొత్తలో ఆమెకు పావురాలంటే చిరాకు. ఆరేసిన బట్టల మీద రెట్టలు, మంచినీళ్ళ బిందెలో ఈకలు. "నన్ను చేసుకున్నారా, వాటిని చేసుకున్నారా?" అని రోజుకోసారి తగువు. కూతురు పుట్టిన ఏడాది ఒక తల్లి పావురం జబ్బుచేసి పోయింది. గూట్లో రెండు పిల్లలు మిగిలాయి. ఇంకా సరిగా ఈకలైనా రాలేదు, నోళ్ళు తెరిచి వణుకుతున్నాయి. చాంపియన్ చూసి "బతకవు, వదిలెయ్" అని కిందికి దిగిపోయాడు. వదిన వదిలెయ్యలేదు. ఒళ్ళో బిడ్డకు పాలిస్తూనే, ఇంకో చేత్తో నానబెట్టిన పెసలు ఒక్కొక్క గింజే ఆ ముక్కులు తెరిచి గొంతులోకి జార్చింది. రెండూ బతికాయి. ఒకటి పిల్లల్ని కూడా పెట్టింది.

ఇక అక్కడి నుంచి పిల్లల పని ఆమె నెత్తిన పడింది. ఎవరూ అప్పగించలేదు, ఎవరూ అడగలేదు. గూడు గీకేది ఆమె, నీళ్ళు మార్చేది ఆమె, గొంతులో పుండు ఉందేమోనని ముక్కు తెరిచి చూసేది ఆమె. క్లబ్బులో కూర్చుని మన పావురాలు, మన జాతి, మన శిక్షణ అని మాట్లాడేది మాత్రం చాంపియన్.

డబ్బా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కూతురికి రాసే పౌడరు డబ్బా అది, గులాబి రంగుది. పౌడరు అయిపోయాక వదిన దాన్ని పారెయ్యకుండా, గుప్పెడు మొక్కజొన్న గింజలు, లాండ్రీ మిషన్ల అడుగున దొరికిన తెగిన బొత్తాలు నాలుగైదు వేసి మూత బిగించింది. అది ఊపితే గలగలమంటూ, మధ్యమధ్యలో బొత్తం తగిలి టక్కుమంటుంది. పిల్లలకు తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఆ డబ్బా ఊపి "దా దా దా, దామ్మా దా" అంటుంది. కూతురు పెద్దదై కాలేజీ హాస్టలుకు వెళ్ళిపోయింది గానీ డబ్బా అలాగే ఉంది. ఆ గూట్లో కళ్ళు తెరిచిన ప్రతి పిల్లకూ తిండి అంటే ఆ చప్పుడు, ఇల్లంటే ఆ గొంతు.

చాంపియన్‌ది ఈల. ఇత్తడి ఈల, మెడలో తాడుకు వేలాడుతుంటుంది. పెద్ద పావురాలకు దాంతో అలవాటే. క్లబ్బులో పెద్దమనుషులందరికీ ఈలలే ఉన్నాయి మరి.

పావురాల పిల్లల్ని దూరం నుంచి వదలడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. ముందు గూడు తెలియాలి, తర్వాత డాబా, తర్వాత చుట్టుపక్కల కప్పులు. ఆ తర్వాత బుట్టలో పెట్టి ఊరి చివరికి తీసుకెళ్ళి వదులుతారు. వచ్చాక ఇంకొంచెం దూరం, ఆ పైన ఇంకొంచెం. బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టకూడదు, ఆకలి ఉంటేనే ఇల్లు గుర్తొస్తుంది. ఇంటి మీదికి రావడం ఒక ఎత్తు, గూట్లోకి దిగడం ఇంకో ఎత్తు. భయపడి ఉన్న పిల్ల తెలిసిన పిలుపు వినిపిస్తేనే రెక్కలు ముడుస్తుంది.

మొదటిసారి ఊరి చివర మైదానం నుంచి వదిలినప్పుడు వదినకు సెలవు. రెండోసారి వంతెన దగ్గర్నుంచి వదిలినప్పుడూ సెలవే. చాంపియన్ బుట్ట మూత తెరిచి, స్కూటరు మీద తిరిగి వచ్చేసరికి ఆమె డబ్బా ఊపి పదకొండిట్నీ దించి, గింజలు కూడా పెట్టేసింది. ఆయన రొప్పుతూ మెట్లెక్కి వచ్చి, లెక్క చూసుకుని మీసం దువ్వుకున్నాడు. ఆ సాయంత్రం టైర్ల దుకాణం ముందు నిలబడి "వీధి మలుపులో నేను ఈల వేశానో లేదో, టపటపా దిగిపోయాయి" అని చెప్తుంటే అటుగా వెళ్తున్న వదిన చెవిన పడింది. ఆమె నవ్వుకుని వెళ్ళిపోయింది. పోనీలే, మగాడి ముచ్చట అనుకుంది. అప్పుడే అక్కడే ఆగి నాలుగు అంటించి ఉంటే కథ ఇంకోలా ఉండేది.

మూడోసారి రాళ్ళ క్వారీ దగ్గర్నుంచి. అంత దూరం ఇప్పుడే వద్దంది వదిన. కానీ టైర్ల దుకాణమాయనకూ పందెం పావురాలున్నాయి. ఆ టైర్లాయన పిల్లలు అప్పటికే క్వారీ నుంచి వచ్చేశాయి. క్లబ్బులో టైర్లాయన ఒక మాట అన్నాడట, "చాంపియన్ పిల్లలు ఇంకా వంతెన దాటలేదా?" అని. ఇంకేముంది, ఆయనకు నిద్ర పట్టలేదు.

"నాలుగు రోజులాగితే నాకు సెలవు, అప్పుడు వదులుదాం" అంది వదిన.

"పావురాలు నీ సెలవులు చూసుకుని ఎగరాలా?"

"ఎగరడానికి నేనక్కర్లేదు, దిగడానికి కావాలి. పోనీ, ఆ డబ్బా అయినా ఊపండి. ఈలకు అవి ఎప్పుడూ దిగలేదు."

"సరే సరే" అన్నాడు చాంపియన్.

ఆ 'సరే సరే'కి అర్థం వదినకు పెళ్ళయినప్పటి నుంచీ తెలుసు. నీ మాట వినపడింది, వినను అని. అయినా డ్యూటీకి వెళ్ళక తప్పలేదు. మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి డేగ సిద్ధంగా ఉంది.

అసలు సంగతి ఎదురింటి పెద్దమ్మ చెప్పింది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ బాల్కనీ కుర్చీ కదలదు. కానీ ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. వదిన గేటు దగ్గర నిలబడి ఆకాశంలోకి చూస్తుంటే పైనుంచే పిలిచింది.

"ఏమ్మా, పిల్లలు దొరికాయా?"

"డేగ కొట్టిందటగా పెద్దమ్మా."

"డేగా? ఏ డేగ? నీ పిల్లలు ఇంటికొచ్చాయే తల్లీ!"

వదిన గేటు పట్టుకుంది.

"ఒకటీ అరా కాదు, గుంపంతా వచ్చింది. మీ డాబా చుట్టూ తిరిగాయి, తిరిగాయి, చూసి చూసి నాకే కళ్ళు తిరిగాయి. బుట్ట తెరవడానికి ఎవర్నో పంపి, పైన కుర్చీలు వేసుకుని ముగ్గురు కూర్చున్నారు. మీ ఆయన, ఆ టైర్లాయన, ఇంకో కళ్ళజోడాయన. టీలు కూడానూ. ఒకసారి పిట్టగోడ మీద కాళ్ళు ఆనించబోయాయి. టైర్లాయన లేచి 'అదిగో అదిగో' అని చేతులూపాడు. మళ్ళీ లేచిపోయాయి. మీ ఆయన ఈల మీద ఈల. చెవులు పగిలిపోయాయనుకో. నేను అరిచాను కూడా, 'డబ్బా ఊపవయ్యా బాబూ' అని. నా వైపు చూశాడు, విననట్టు మొహం తిప్పుకున్నాడు."

"తర్వాత?"

"గోదాముల వైపు నుంచి ఏదో గుంపు పోతుంటే, పాపం, వీటికేం తోచిందో దాంతో కలిసిపోయాయి. ఎంత సేపు తిరిగాయనీ! నీ గొంతు కోసమే చూశాయనుకుంటా."

ఆ చివరి మాట వదిన గుండెలో గుచ్చుకుంది. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, వచ్చినంత వేగంగా ఇంకిపోయాయి. కోపం ముందు అవి ఎంతసేపు నిలుస్తాయి!

దుకాణంలోకి నేరుగా వెళ్ళింది. వార్నిష్ వాసన, బల్ల మీద రాగితీగ చుట్టలు. చాంపియన్ తల ఎత్తలేదు.

"డబ్బా ఎక్కడుంది?"

"అలమరలో."

"తీశారా?"

ఆయన తీగ చుట్ట ఒకటి అటు జరిపాడు.

"తీశారా, లేదా?"

"కార్యదర్శి గారొచ్చారు" అన్నాడు చివరికి. "క్లబ్బు కార్యదర్శి. మొదటిసారి మనింటికి. ఆయన ముందు పౌడరు డబ్బా పట్టుకుని దా దా అని ఊపమంటావా? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురు ఎక్కడున్నారు? ఇద్దరు! ఇద్దరేమనుకుంటారోనని పదకొండిట్ని గాలికొదిలేశారు!"

"గట్టిగా అరవకు, వీధిలో వినిపిస్తుంది."

"వినిపించాలనే అరుస్తున్నాను! అవి దారి తప్పలేదు. డేగకు దొరకలేదు. అంత దూరం నుంచి, కడుపులో గింజ లేకుండా, రెక్కలు నొప్పెడుతుంటే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాయి. వచ్చి మన నెత్తి మీద తిరిగాయి. పిలిచే దిక్కు లేక వెళ్ళిపోయాయి. పైగా డేగ! ఆ డేగ కూడా మీ మీద పరువు నష్టం దావా వేస్తుంది!"

ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. వదిన డాబా మీద నిలబడి, చెయ్యి నొప్పెట్టే దాకా డబ్బా ఊపింది. పొద్దు వాలుతుండగా ఒక బూడిదరంగు పిల్ల తోకలో రెండు ఈకలు ఊడి, ఎక్కడ్నుంచో వచ్చి నేరుగా ఆమె కాళ్ళ దగ్గర వాలింది. నిలబడే ఓపిక లేక రొమ్ము నేలకానించి నోరు తెరిచింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగిస్తుంటే వదినకు సంతోషం కలగాలి. కానీ ఇంకా మండింది. ఒకటి వచ్చిందంటే మిగతా పదీ ఎక్కడో బతికే ఉన్నాయి, వినిపిస్తే వస్తాయి అని.

మర్నాడు డబ్బాను అన్నం క్యారేజీతో పాటు సంచిలో వేసుకుని డ్యూటీకి వెళ్ళింది. దుప్పట్లు మడతపెట్టేటప్పుడు ఆమె జోడీ ఒక పొడుగ్గామె. ఇద్దరూ చెరో రెండు కొనలు పట్టుకుని విదిలించాలి. ఆ రోజు వదిన విదిలిస్తుంటే పొడుగ్గామె అడుగు ముందుకు తూలుతోంది.

"ఏమైంది వదినా, దుప్పటి మీద పగ పట్టావా?"

జరిగింది చెప్పింది. పొడుగ్గామె మంచిదే. ఓదార్చాలనే అంది. "పోనీలే వదినా, ఊళ్ళో ఎన్ని పావురాలు లేవు!"

"ఊళ్ళో ఎంతమంది పిల్లలు లేరు? నీ కొడుకు బడి నుంచి రాకపోతే పక్కింటివాడి కొడుకుతో సరిపెట్టుకుంటావా?"

పొడుగ్గామె దుప్పటి అంచులు కలిపింది. దుప్పట్ల గుట్ట సగమయ్యాక ఆమే అంది, "నువ్వు పెందలాడే వెళ్ళు. మిగతావి నేను ఇంకెవరితోనైనా మడతపెడతాను."

వదిన ధాన్యం గోదాములకు వెళ్ళింది. రేకుల కప్పుల మీద పావురాలు వందల్లో ఉన్నాయి, ఊరపావురాలు. బస్తాలు దించుతున్న హమాలీలు ఈ గులాబి డబ్బా ఆవిడను చూసి నవ్వారు. ఒకడు "అమ్మా, పౌడరు అమ్ముతున్నావా?" అని అడిగాడు. వదిన వాడి వైపు కూడా చూడలేదు. డబ్బా ఎత్తి ఊపింది. గలగల, టక్కు, గలగల. "దా దా దా, దామ్మా దా."

ఊరపావురాలు తలైనా తిప్పలేదు. కానీ ఆ గుంపులో, కప్పు చివర, ఒక మెడ నిక్కింది. దాని పక్కనే ఇంకో మెడ. రెండూ రేకు అంచు దాకా గబగబా నడిచి వచ్చి, కిందికి చూశాయి. వదిన ఊపడం ఆపలేదు. రెండూ బస్తాల మీద వాలి, అక్కడి నుంచి ఆమె చేతి మీదికి వచ్చాయి. కాళ్ళకు క్లబ్బు రింగులున్నాయి. పౌడరు అమ్ముతున్నావా అన్నవాడే తన గోనెలోంచి గుప్పెడు గింజలు తీసి ఇచ్చాడు. ఆమె చాలాసేపు ఊపింది. ఇంకేదీ రాలేదు.

రెండిట్నీ సంచిలో, క్యారేజీ మీద తుండుగుడ్డ పరిచి కూర్చోబెట్టుకుని ఇంటికి బయల్దేరింది. దారిలోనే టైర్ల దుకాణం. పాత టైర్ల దొంతర మీద చాంపియన్ బిక్కమొహం వేసుకుని కూర్చుని ఉన్నాడు. టైర్లాయన ఆయన్ని ఓదారుస్తున్నాడు. పంక్చరు వేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు, పక్క కొట్టాయన, అందరూ వింటున్నారు.

"దిగులుపడకన్నా" అంటున్నాడు టైర్లాయన. "మొదట్లో పిల్లలు పోతేనే మంచిది. జల్లెడ పట్టినట్టు. వచ్చినవి పందేనికి పనికొస్తాయి. రానివి చెత్త. చెత్త పోతే దిగులెందుకు?"

వదిన ఆగింది.

"ఏవయ్యా, ఇంకోసారి అను."

టైర్లాయన తిరిగి చూసి నవ్వాడు. "రా వదినా, టీ తాగు. అదే, రానివి చెత్త అంటున్నా."

"వచ్చాయి!" అంది వదిన. పంక్చరు వేస్తున్నవాడు కూడా చెయ్యి ఆపాడు. "వచ్చాయి అవి! క్వారీ నుంచి తిన్నగా మా డాబా మీదికి వచ్చాయి. నువ్వు కళ్ళారా చూశావు. పిట్టగోడ మీద దిగబోతుంటే చేతులూపి లేపింది నువ్వు. అవి చెయ్యాల్సిన పని అవి చేశాయి. చెయ్యాల్సిన పని చెయ్యనిది మీరు ముగ్గురూ. జల్లెడ పట్టాలంటే ఎవర్ని పట్టాలి?"

"అది కాదు వదినా, క్లబ్బులో అందరూ అనే మాటే..."

"అందరూ అంటారు, ఎందుకనరు! రోజూ రెట్ట గీకేది మీరా? గొంతులో గింజ జార్చేది మీరా? పెంచినవాళ్ళకు కదా పోతే నొప్పి. మీకు బుట్టలో పెట్టడం, మూత తెరవడం, వాచీ చూడడం. పోతే చెత్త, వస్తే మీ ఈల గొప్ప!" సంచిలోంచి రెండు పిల్లల్నీ తీసి చెరో చేత్తో ఎత్తి చూపించింది. "ఇదిగో మీ చెత్త. ఊరపావురాల గుంపులో కూర్చుని కూడా ఇంటి చప్పుడు మర్చిపోలేదు. ఒక్క పొద్దులోనే మర్చిపోయారు మీరు, ఆ ఇల్లు వీటిదేనని!"

టైర్లాయన చేతిలో టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక వెనక్కి చూశాడు.

వదిన పిల్లల్ని మళ్ళీ సంచిలో పెట్టి, డబ్బా తీసి భర్త ఒళ్ళో పడేసింది. "రేపు నాకు మళ్ళీ డ్యూటీ. ఎనిమిది ఇంకా బయట ఉన్నాయి. పరువు కావాలో, పిల్లలు కావాలో మీరే తేల్చుకోండి."

చాంపియన్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. ఏమంటాడోనని అందరూ చూశారు. డబ్బాను చొక్కా కింద దాచుకోబోయి, ఎందుకో మానేసి, చేత్తో పట్టుకునే ఇంటికి నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం వదిన వీధి మలుపు తిరిగేసరికే వినిపించింది. గలగల, టక్కు, గలగల. ఆ వెంటే ఒక బొంగురు గొంతు, "దా దా... దామ్మా... దా." దామ్మా దగ్గర ఆయన గొంతు ప్రతిసారీ సిగ్గుతో సగం కిందికి దిగిపోతోంది. వీధిలో నలుగురు పిల్లకాయలు నిలబడి ఆయన్ని అనుకరిస్తున్నారు. పెద్దమ్మ బాల్కనీలోంచి అందుకుంది.

"పొద్దుట్నుంచీ ఊపుతున్నాడమ్మా. దుకాణం తెరవలేదు. మొదట్లో గొంతే పెగల్లేదు. నేనే అన్నాను, 'పాడె మోసేవాడిలా పిలిస్తే ఎవరొస్తారు నాయనా, నీ పెళ్ళాం పిలిచినట్టు పిలువు' అని."

వదిన చప్పుడు చెయ్యకుండా మెట్లెక్కి, చివరి మెట్టు మీద ఆగిపోయింది. పెద్దమ్మవాళ్ళ నీళ్ళ ట్యాంకు మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. పదకొండిట్లోనూ చిన్నది, బుడ్డిది. రెక్క మీద తెల్ల మచ్చ. అది చాంపియన్ వైపు చూస్తోంది, డబ్బా వైపు చూస్తోంది. చప్పుడు తెలుసు, మనిషి తెలియదు. రెక్క విప్పుతుంది, ముడుస్తుంది. చాంపియన్ చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

డబ్బా లాక్కోవాలని వదిన చేతులు పీకాయి. లాక్కోలేదు. వెనక నుంచి ఒక్కసారి మాత్రం అంది, "దామ్మా."

బుడ్డిది ట్యాంకు మీద నుంచి తిన్నగా వచ్చి గూటి పలక మీద వాలి, లోపలికి దూరిపోయింది. చాంపియన్ వెనక్కి తిరిగాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏదో చెప్పబోయాడు. "నీళ్ళు మార్చారా?" అని అడిగింది వదిన. మార్చాడట. ఆమె వెళ్ళి చూసింది. నిజంగానే మార్చాడు.

ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరూ వంతులేసుకుని పిలిచారు. స్కూటరు మీద గోదాములకు, రైలు పట్టాల వైపుకు, వంతెన దాకా వెళ్ళి పిలిచారు. టైర్ల దుకాణం ముందు నుంచి వెళ్ళేటప్పుడు కూడా డబ్బా ఆయన చేతిలోనే ఉంది. ఇంకేదీ దొరకలేదు. పదకొండిట్లో మిగిలింది నాలుగు.

ఆ నాలుగూ తేరుకుని, డాబా చుట్టూ మళ్ళీ తిరగడం మొదలుపెట్టాక ఒక సాయంత్రం టైర్లాయన గేటు దగ్గరికొచ్చాడు. ఈ మధ్య ఆయన పైకి రావడం లేదు. కింద నిలబడే అడిగాడు. "ఏమన్నా, వచ్చే విడత క్వారీ నుంచి కలిపి వదులుదామా? ఎప్పుడు పెట్టుకుందాం?"

వదిన వంటింట్లో ఉంది. కిటికీలోంచి అంతా వినిపిస్తుంది.

"మా ఆవిడకు సెలవెప్పుడో కనుక్కుని చెప్తాను" అన్నాడు చాంపియన్.

గొంతు తగ్గించలేదు. పక్క కొట్టాయన వింటున్నాడు, ఎదురింటి పెద్దమ్మ వింటోంది. అయినా తగ్గించలేదు. టైర్లాయన "సరేలే" అని గొణిగి వెళ్ళిపోయాడు. చాంపియన్ లోపలికి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, పరీక్ష బాగా రాసి వచ్చినవాడిలా ఆమె వైపు చూశాడు. ఇప్పుడైనా ఒక మంచి మాట పడుతుందని ఆశ.

వదిన చేతిలో గరిటె కింద పెట్టింది. ఆమెకు సంతోషం కలగలేదని కాదు. కలిగింది. కానీ పైన పిల్లల అరలో ఏడు చోట్లు ఖాళీగా ఉన్నాయి. ఆ చోట్లు రోజూ గీకేటప్పుడు గీకడానికేమీ ఉండదు, అయినా చెయ్యి అక్కడ ఆగుతుంది. ఈ సెలవు మాట ఆ రోజే, క్లబ్బులో టైర్లాయన ముందు అనడానికి ఈయన నోటికి ఏమొచ్చింది?

"నా సెలవు ఎల్లుండి" అంది. "రాని ఏడిట్నీ ఏ సెలవు రోజున పిలవమంటారు?"

చాంపియన్ మెడలో ఈల తాడు తీసి కప్పు పక్కన పెట్టాడు. అలమరలోంచి డబ్బా తీసుకుని మెట్లెక్కాడు.